తెల్ల గిత్త, నల్లటి మొహం

ప్రశ్న: మా నాన్న మేపే ఒంగోలు గిత్తల జతను ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాను. ఒళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తోంది, మొహం మాత్రం నల్లగా పడుతోంది. మంచి కెమెరా కొంటే బాగా వస్తాయా?
– ఒక పాఠకుడు, టంగుటూరు

జవాబు: ఇప్పుడే కొనకు తమ్ముడూ. నువ్వు పంపిన మూడు ఫొటోల్లోనూ గిత్తల నీడ వాటి కాళ్ల కిందే ఉంది. అంటే మిట్టమధ్యాహ్నం తీశావు. ఎండ నడినెత్తిన ఉంటే వీపూ మూపురమూ వెలిగిపోతాయి, కళ్లూ గంగడోలూ నీడలో పడతాయి. పైగా వెనక చిక్కటి వేపచెట్టు. ఫోన్ ఆ చీకటి చూసి వెలుతురు పెంచేస్తుంది. తెలుపు ఒకసారి అలా వెలిసిపోతే ఏ యాప్‌తోనూ తిరిగి రాదు.

రేపు పొద్దున ఏడింటికి గిత్తను చావిడి బయటికి తోలుకురా. ఎండ దాని పక్క నుంచి పడాలి. అప్పుడు గంగడోలు మడతలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. స్క్రీన్ మీద తెల్లటి ఒంటిని వేలితో తాకు. చాలా ఫోన్లలో చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి జరుపు. మూపురం మీది బూడిదరంగు తేలేదాకా జరపాలి.

మరీ దగ్గరికి వెళ్లకు, మూతి పెద్దదై ఒళ్లు చిన్నదవుతుంది. నాలుగు గజాలు వెనక్కి జరిగి, గొంతుక్కూచుని తియ్యి. మూపురం ఆకాశం మీద నిలుస్తుంది. గిత్తను నిమిరిన చేత్తోనే ఫోన్ పట్టుకుంటాం కదా, ముందు లెన్స్ తుడుచుకో.

కొత్తపట్నం బీచ్‌లో మొహాలు నల్లబడుతున్నాయని మొన్న ఒకమ్మాయి రాసింది. అక్కడా తప్పు ఎండ పడే దిక్కుదే. మనకు పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, పొద్దున సముద్రాన్ని వెనక పెట్టుకుని నిలబడితే ఎండ వీపు మీద పడి మొహం నీడలో ఉంటుంది. సముద్రం వెనక కనపడాలంటే సాయంత్రం వెళ్లాలి.

రీలు కెమెరా రోజుల్లో నేను ఒక సంక్రాంతి బండలాగుడు పోటీలో 36 ఫొటోలూ ఎండకు ఎదురుగా నిలబడి తీశాను. కడిగించి చూస్తే ఒక్క గిత్తకీ కళ్లు కనపడలేదు. వాటిలో ఒకటి ఆ ఏడే చచ్చిపోయింది. దాన్ని సాకిన పెద్దాయన ఫొటో అడిగితే ఇవ్వడానికి నా దగ్గర ఒక్కటీ లేకపోయింది. ఆయన అలాగే కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

రేపు తీసినవాటిలో కంటి చుట్టూ నల్లటి అంచు, కంట్లో వెలుగు చుక్క కనిపించే ఫొటో ఒకటి పంపు.