కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంటే...

ప్రశ్న: మా ఇంట్లోని డెస్క్‌టాప్ కంప్యూటర్ కొంతకాలంగా ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోంది. టైపింగ్ చేసుకుంటున్నంతసేపూ బాగానే ఉంటుంది కానీ, మా అబ్బాయి గేమ్ ఆడినా, వీడియో ఎడిట్ చేసినా మధ్యలో తెర నల్లబడి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతుంది. విండోస్ తీసేసి కొత్తగా వేయించమని తెలిసినవారు అంటున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే వేయించవద్దు. తేలికపాటి పనికి నిలబడి బరువైన పనికి ఆగిపోతోందన్న మీ మాటలోనే సగం జవాబు ఉంది. గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ ఎక్కువ కరెంటు తీసుకుంటాయి, ఎక్కువ వేడెక్కుతాయి. కాబట్టి విండోస్ కంటే ముందు వీటినే అనుమానించాలి. అయితే ఏది విప్పేముందైనా ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి.

తీవ్రమైన లోపం ఎదురైనప్పుడు నీలితెర (విండోస్ 11 కొత్త వెర్షన్లలో నల్లతెర) చూపి, వెంటనే రీస్టార్ట్ అయ్యేలా విండోస్‌ను ముందే అమర్చి ఉంటారు. ఆ తెర చదివేలోపే మాయమవుతుంది. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘స్టార్టప్ అండ్ రికవరీ’ తెరిచి, ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ పక్కనున్న టిక్కు తీసేయండి. ఈసారి నీలితెర నిలిచి ఉంటే దాని మీది కోడ్ రాసిపెట్టుకోండి. లోపం డ్రైవర్‌దా (పరికరాలను విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్), ర్యామ్‌దా (తాత్కాలిక మెమరీ) అన్నది తేల్చడానికి అది పనికొస్తుంది. నీలితెర రాకుండానే ఆరిపోతే లోపం హార్డ్‌వేర్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. విండోస్ తన నమోదులను చూపే ‘ఈవెంట్ వ్యూయర్’లో కనిపించే ‘కెర్నల్-పవర్ 41’ను చాలామంది అసలు కారణంగా పొరబడతారు. కిందటిసారి కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదని, మళ్లీ ఆన్ అయ్యాక విండోస్ రాసుకున్న నమోదు మాత్రమే అది.

ఇక ప్లగ్ తీసేసి క్యాబినెట్ తెరవండి. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌కూ, దాని కింద వేడిని లాగేసే లోహపు దిమ్మె (హీట్‌సింక్) రేకులకూ మధ్య దుమ్ము మందంగా అట్టకట్టి ఉంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది కనుక దాన్ని విప్పి చూడటం మంచిది. గాలి కొట్టి శుభ్రం చేసేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. హీట్‌సింక్‌ను కూడా తీస్తే, ప్రాసెసర్ నుంచి హీట్‌సింక్‌కు వేడిని చేరవేసే పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పూయకుండా తిరిగి బిగించకూడదు. వేడి పెరిగినప్పుడు ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి దిగకపోతే మెషిన్ ఆగిపోతుంది. అందువల్ల ఆటలో మొదట నత్తనడక మొదలై తర్వాత ఆగుతోందా, లేక జోరుగా నడుస్తూనే తటాలున ఆరిపోతోందా అని మీ అబ్బాయిని గమనించమనండి. రెండోదైతే నా అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదే, అంటే కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా మీదే.

ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టుల సరఫరా 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. పాతబడిన యూనిట్‌లో ఒక్కసారిగా భారం పడినప్పుడు వోల్టేజీ క్షణంలో వెయ్యోవంతు కాలం పడిపోయి తిరిగి లేస్తుంది, మామూలు మల్టీమీటర్‌కు అది చిక్కదు. కాబట్టి సరిపడా సామర్థ్యమున్న, బాగా పనిచేస్తున్న మరో ఎస్‌ఎంపీఎస్‌ను తాత్కాలికంగా బిగించి అదే గేమ్ నడిపి చూడటమే నమ్మదగిన పరీక్ష. పాతదాని డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. ప్లగ్ తీశాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్ నిలిచి ఉంటుంది.

నీలితెరలు వస్తూ, కోడ్ ప్రతిసారీ మారుతుంటే ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ నడిపి, ర్యామ్‌లు రెండుంటే ఒక్కొక్కటే ఉంచి పరీక్షించండి. ర్యామ్‌లో తప్పు లేదని తేలి, డ్రైవర్లు మార్చినా నీలితెర ఆగకపోతే అప్పుడు విండోస్ మళ్లీ వేయించుకోవచ్చు.