అంచెలు సాయానికి, పిల్లలకు కాదు

ప్రశ్న: ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతాను. 40 మందిలో 15 మందికి పాఠం మీద ధ్యాసే ఉండదు. మూడంచెల సాయం పద్ధతి పెడదామని మా హెడ్మాస్టర్ గారు అంటున్నారు. అంటే ఆ 15 మందినీ వేరే బ్యాచ్ చేసి కూర్చోబెట్టాలా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండి టీచర్ గారూ. వేరే బ్యాచ్ పెట్టిన మర్నాటికల్లా దానికి పిల్లలే ఒక పేరు పెట్టేస్తారు, ఇక అది ఏడాదంతా వదలదు.

ఈ మూడంచెల ఆలోచన ప్రజారోగ్యం నుంచి వచ్చింది. టీకా అందరికీ వేస్తారు, ముప్పు ఉన్నవాళ్ళను కాస్త కనిపెట్టి ఉంటారు, జబ్బు పడ్డవాళ్ళకు చికిత్స చేస్తారు. బడిలోనూ అంతే. అందరికీ చెప్పే పాఠం మొదటి అంచె, అది చాలనివాళ్ళకు చిన్న గుంపుగా కొన్ని వారాలు చేసే సాయం రెండోది, ఒక్కొక్కరితో విడిగా కూర్చునేది మూడోది. సుమారుగా 80 శాతం పిల్లలకు మొదటిదే చాలు, 15 శాతానికి రెండోది, 5 శాతానికి మూడోది కావాలి అని లెక్క చెబుతారు. ఆ లెక్కన మీ క్లాసులో అదనపు సాయం కావలసినవాళ్ళు ఎనిమిది మందికి మించకూడదు, మీరేమో 15 అంటున్నారు. అంటే ముందు చూసుకోవలసింది రోజూ చెప్పే పాఠాన్నే (కోపం తెచ్చుకోకండి, చాలా క్లాసుల్లో ఇదే కథ).

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసులు రికార్డు చేసి వింటే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, అడక్కుండానే నోరు విప్పినవాళ్ళూ పెరిగారు. రేపు ప్రశ్న వేసి మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. ముందు బెంచీ వాళ్ళు చేతులు ఊపేస్తుంటారు, ఆ నిశ్శబ్దం మీకే టెన్షన్‌గా ఉంటుంది, అయినా ఆగండి.

అప్పటికీ కదలనివాళ్ళ హాజరు, ప్రవర్తన, మార్కులు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. పనిదినాల్లో పదో వంతు, అంటే 180 రోజుల్లో 18, మానేశాడంటే ఆ పిల్లాణ్ణి వెంటనే పట్టించుకోవాలి. రెండో అంచెలో ఒక చిన్న కార్డు పెడతారు. పొద్దున్నే ఒక టీచర్‌ను కలిసి రెండు నిమిషాలు మాట్లాడి కార్డు తీసుకోవడం, ప్రతి పీరియడ్‌కూ ప్రవర్తనకు 0, 1, 2 మార్కుల్లో ఒకటి వేయించుకోవడం, సాయంత్రం మళ్ళీ చూపించడం. పెద్దవాళ్ళు తనను గమనించాలని అల్లరి చేసే పిల్లాడికి ఇది బాగా పనిచేస్తుంది. భిన్నాలు రాక, రావని బయటపడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే అమ్మాయికి మాత్రం కార్డు ఎందుకు, ఆమెకు కావలసింది భిన్నాలు! బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, మనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మూడో అంచె మీ ఒక్కరి వల్ల అయ్యేది కాదు, ఇంట్లోవాళ్ళు, కౌన్సెలర్ కూడా కూర్చోవాలి. ఇంకొకటి, కార్డు మొదలుపెట్టిన రోజే మళ్ళీ చూసుకునే తేదీ కూడా రాసుకోండి. ఆరు వారాలకు కుదురుకున్నవాళ్ళకు కార్డు మాన్పించేయొచ్చు, కుదురుకోకపోతే సాయం మార్చాలి.