1920 ఛాంపియన్ ఎవరు: షెవ్రొలేనా, మిల్టనా?

మీ పట్టికలో తప్పేమీ లేదండీ. 1920 ఏఏఏ (అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్) కారు రేసుల సీజన్‌కి విజేతగా ఒక జాబితాలో గాస్టన్ షెవ్రొలే, ఇంకోదాంట్లో టామీ మిల్టన్ కనబడుతున్నారని, పాయింట్ల మొత్తం సరిపోవట్లేదని అడిగారు కదా, అవి రెండు వేర్వేరు లెక్కలు.

ఆ ఏడాది ఏఏఏ పాయింట్లకు తీసుకున్నది 5 రేసులే. ఆ లెక్కన షెవ్రొలేదే టైటిల్. మే 31న ఇండియానాపొలిస్ 500 గెలిచాడు. మన్రో కారు, 183 ఘనపు అంగుళాల ఇంజను, 200 ల్యాపులూ ఒక్క టైరు కూడా మార్చకుండా! నవంబర్ 25న బెవర్లీ హిల్స్ చెక్క ట్రాకు మీద ప్రమాదంలో చనిపోయాడు. అదే ప్రమాదం వల్ల ఎడ్డీ ఓడానెల్ అనే ఇంకో డ్రైవరు కూడా పోయాడు. టైటిల్ గాస్టన్‌కి మరణానంతరం దక్కింది.

1920ల చివర్లో ఏఏఏ కార్యాలయంలోనే పాత ఫలితాలన్నీ తిరగేసి, 1920కి 10 రేసులు కలిపి మళ్ళీ కూడారు. దాంతో మిల్టన్ పైకి వచ్చాడు.

కాబట్టి ముందు పట్టికలో రేసులు లెక్కపెట్టండి. 5 ఉంటే అసలుది, 10 ఉంటే తర్వాత కూడినది. ఒకదాని పాయింట్లు ఇంకోదాంట్లో కలిపితే మొత్తం ఎప్పటికీ సరిపోదు, మీకు తేడా వచ్చింది అక్కడే. నా మాటగా, విజేత గడిలో షెవ్రొలేనే ఉంచండి, మిల్టన్‌ని పక్కన గమనికగా రాయండి. 1921 టైటిల్ ఎలాగూ మిల్టన్‌దే, దానికి పేచీ లేదు.

1920కి ముందు ఏఏఏ నిజంగా ఆ ఏడాదే పాయింట్ల ఛాంపియన్‌షిప్ నడిపింది 1905లో, 1916లో మాత్రమే: బార్నీ ఓల్డ్‌ఫీల్డ్, డారియో రెస్టా. మిగతా ఏళ్ల పేర్లు తర్వాత చేర్చినవి, వాటికి రంగు మార్చండి.