సందేహాలు – సమాధానాలు: అది సంధా, విరమణా?

సందేహం: మేం డాలస్‌లో ఉంటాం. నవంబరు 11న వెటరన్స్ డే సెలవు ఎందుకిస్తారో మా అబ్బాయికి తెలుగులో చెబుతూ, "1918లో ఇదే రోజు జర్మనీతో సంధి కుదిరింది, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది" అన్నాను. పక్కనే ఉన్న మా మామగారు "సంధి కాదమ్మా, అది కాల్పుల విరమణ. సంధి మరుసటి ఏడు వెర్సాయ్‌లో జరిగింది" అన్నారు. ఈ రెండు మాటలకూ అంత తేడా ఉందా? వార్తల్లో ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు కదా?

సమాధానం: చాలా తేడా ఉందమ్మా. మీ మామగారు సరిగ్గానే పట్టుకున్నారు. కాకపోతే అమెరికా విషయానికి వచ్చేసరికి ఆయన మాటను కూడా కాస్త సవరించుకోవాలి. అది తర్వాత చెబుతాను.

ముందు 'సంధి' సంగతి చూద్దాం. కలిపి ఉంచడం దీని మూలార్థం. రామ, ఆలయం కలిసి రామాలయం అయితే సంధి. ఎముకలు కలిసే చోటు సంధి. మన రాజనీతి చెప్పే ఆరు గుణాల్లో మొదటిది సంధి, రెండోది విగ్రహం, అంటే యుద్ధం. సమాసాన్ని విడదీసి చెప్పేదాన్ని విగ్రహవాక్యం అంటున్నాం చూడండి, ఆ విడిపోవడమే రాజ్యాల మధ్య జరిగితే యుద్ధం. పాత శాసనాల్లో ఈ రెండు వ్యవహారాలూ చూసే అధికారికి 'సంధివిగ్రహి' అని పేరు. కాబట్టి పోరు ఆపినంత మాత్రాన సంధి అయిపోదు. ఇక మీదట ఎవరి హద్దు ఎక్కడ, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది తేలాలి, ఉభయులూ దానికి కట్టుబడాలి.

భారతంలో కృష్ణుడు కౌరవ సభకు వెళ్లింది సంధి కోసం. అది పొసగలేదు, యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలో సూర్యుడు అస్తమించగానే ఇరు సేనలూ శిబిరాలకు మళ్లేవి. ద్రోణ పర్వంలోని రాత్రి యుద్ధం మాట పక్కన పెడితే, రోజూ అంతే. అలా రాత్రిపూట పోరు ఆపడాన్ని ఎవరూ సంధి అనలేదు.

1918 నవంబరు 11న జరిగింది కూడా అలా పోరు ఆపడమే. ఫ్రాన్సులో కాంపియేన్ అడవిలో, ఒక రైలు పెట్టెలో, తెల్లవారుజామున ఐదు దాటాక సంతకాలయ్యాయి. ఆచరణలోకి వచ్చింది ఉదయం 11 గంటలకు. ఆ మధ్య గంటల్లో కాల్పులు ఆగలేదు. హెన్రీ గుంథర్ అనే అమెరికన్ సైనికుడు 10:59కి, గడువుకు ఒక్క నిమిషం ముందు చనిపోయాడు. ఒప్పందం గడువు మొదట 36 రోజులే. తర్వాత పొడిగిస్తూ పోయారు. తుపాకులు ఆగినా, సరుకు ఓడలు రాకుండా జర్మనీ మీద పెట్టిన సముద్ర దిగ్బంధం 1919 జులై దాకా పూర్తిగా తొలగలేదు. దీన్ని సంధి అని చిన్నపిల్లాడికి చెబితే, ఆ ఎనిమిది నెలలు జర్మనీలో తిండికి అలమటించిన జనం సంగతి ఆ మాట చాటున కనబడకుండా పోతుంది. నేను ఈ తేడా మీద పట్టుబట్టేది అందుకే.

'విరమణ' గురించి కూడా ఒక మాట. సినిమా మధ్యలో తెర మీద వేసేది 'విరామం', మళ్లీ మొదలవుతుందని అర్థం. ఉద్యోగ విరమణ, దీక్ష విరమణ అంటే ఇక మానేయడమే. ఆ లెక్కన, 1918 నాటి ఒప్పందాన్ని ఇంగ్లీషులో పిలిచే ఆర్మిస్టిస్ అనే మాటకు 'విరామం' దగ్గరి మాటే అనిపించవచ్చు. కానీ 'కాల్పుల విరమణ' వాడుకలో స్థిరపడి, అందరికీ అర్థమవుతోంది. దాన్ని మార్చాల్సిన పని లేదు. ఎక్కడో ఒక చోట కాల్పులు ఆపితే 'కాల్పుల విరమణ' అని, మొత్తం యుద్ధాన్ని ఆపే లిఖిత ఒప్పందాన్ని 'యుద్ధ విరమణ ఒప్పందం' అని రాస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది.

ఇప్పుడు మీ మామగారి మాటకు సవరణ. 1919 జూన్ 28న వెర్సాయ్‌లో కుదిరిన సంధి మీద అమెరికా అధ్యక్షుడు విల్సన్ సంతకం చేశారు. సంతకం వేరు, ఆమోదం వేరు. అమెరికా రాజ్యాంగం ప్రకారం సంధికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 1919 నవంబరులో రాలేదు. 1920 మార్చి 19న 49 మంది అనుకూలంగా, 35 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఏడు ఓట్లు తక్కువయ్యాయి. అందుకని "అమెరికా వెర్సాయ్ సంధి చేసుకుంది" అని రాస్తే వ్యాకరణం తప్పు కాదు, చరిత్ర తప్పు. "సంతకం చేసింది కానీ ఆమోదించలేదు" అనాలి. చివరికి 1921 జులైలో తీర్మానంతో యుద్ధస్థితిని ముగించి, ఆగస్టు 25న బెర్లిన్‌లో జర్మనీతో విడిగా సంధి చేసుకుంది. అంటే మీ వాక్యంలోని 'సంధి' అమెరికా వరకు దాదాపు మూడేళ్లు ముందే వచ్చేసింది.

ఇందులో నన్ను ఎప్పుడూ కలవరపెట్టే సంగతి ఒకటుంది. దేశాల మధ్య శాంతి కోసం పెట్టిన నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) కావాలని పట్టుబట్టింది విల్సన్. దాంట్లో అమెరికా చేరనే లేదు. అప్పటికి స్వాతంత్ర్యం లేని భారతదేశం వెర్సాయ్‌లో సంతకం చేసి, సమితిలో తొలి సభ్యదేశాల్లో ఒకటైంది. ఆ పేరులోని 'జాతి' అంటే దేశ ప్రజలని అర్థం. ఈ రోజు ఆ మాట వినగానే మనకు వేరే అర్థం తడుతుంది గనుక పిల్లలకు విప్పి చెప్పండి.

1918లో జర్మనీ 'లొంగిపోయింది' అని రాయడం కూడా కనిపిస్తుంది. బేషరతు లొంగుబాటు జరిగింది రెండో యుద్ధంలో, 1945లో.

మీరు వాడిన వాటిలో ఒక మాట నాకు బాగా నచ్చింది, ఉత్తరం చివర "అమెరికా యుద్ధంలోకి దిగింది" అని రాశారు. తటం అంటే ఒడ్డు, ఒడ్డున నిలబడినవాడు తటస్థుడు. 1914 నుంచి ఒడ్డున ఉండి, 1917 ఏప్రిల్ 6న దిగింది. ఫ్రాన్సుకు వెళ్లిన సుమారు ఇరవై లక్షల మందిలో ఎందరో తిరిగి రాలేదు. మొత్తం మీద చనిపోయిన అమెరికన్ సైనికులు లక్షా పదహారు వేలకు పైనే. వాళ్లలో సగానికి పైగా జబ్బులవల్ల, ముఖ్యంగా ఇన్‌ఫ్లుయెంజా వల్ల పోయారు.

అబ్బాయికి ఇలా చెప్పండి: "1918లో ఈ రోజు యుద్ధ విరమణ ఒప్పందం అమల్లోకి వచ్చింది. అమెరికా జర్మనీతో సంధి చేసుకున్నది 1921లో. ఈ రోజును మొదట్లో ఆర్మిస్టిస్ డే అనేవారు. 1954లో వెటరన్స్ డే అని మార్చారు." మామగారికి నా నమస్కారాలు చెప్పండి.