రన్‌వే గీత పక్కన మా ఇల్లు: అద్దెకిచ్చి వెళ్ళిపోవచ్చా?

ప్రశ్న: మేము 2021లో లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టు పక్కన సిప్సన్‌లో మూడు బెడ్‌రూముల ఇల్లు కొనుక్కున్నాం. ఫ్రీహోల్డే (స్థలం కూడా మాదే), లోను ఇంకా ఉంది. మూడో రన్‌వే మాట అప్పటికి అటకెక్కింది అన్నారు. ఇప్పుడు మళ్ళీ దిగి వచ్చింది. మా వారి ఉద్యోగం రెడింగ్‌కి మారింది. ఈ ఇల్లు అద్దెకిచ్చి అక్కడికి వెళ్ళిపోదామని ఆయన, అయినకాడికి అమ్మేద్దామని నేను. గన్నవరంలో ఉండే మా మామగారు అక్కడ రన్‌వే పెంచినప్పుడు భూములిచ్చినవాళ్ళను దగ్గర నుంచి చూశారు. "ముందు కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకోండి, తర్వాత రెట్టింపు ఇస్తారు" అంటున్నారు. ఇల్లు నిజంగా పోతుందా? పోతే ఎంత వస్తుంది? పోకపోతే ఆ రొదకి ఎవరిని అడగాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, సిప్సన్

జవాబు: అమ్మా, ముందు మీవారిని ఆపండి. ఈ జవాబు ఇద్దరూ చదివేదాకా అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టవద్దు.

ఎందుకంటే ఇంగ్లండ్ చట్టం దృష్టిలో ఇల్లు ఉన్న యజమాని వేరు, ఆ ఇంట్లో ఉంటున్న యజమాని వేరు. ఉంటున్నవారికి ఇల్లు పోతే మార్కెట్ విలువ, ఇల్లు మారే ఖర్చులు కాక 'హోమ్ లాస్ పేమెంట్' అని విలువలో 10 శాతం అదనంగా వస్తుంది. దానికి గరిష్ఠ పరిమితి ఉంది, దాన్ని ఏటా సవరిస్తుంటారు. ఖాళీ చేసే నాటికి కనీసం ఏడాదిగా అది మీ ప్రధాన నివాసం అయి ఉండాలి. అద్దెకిచ్చిన యజమానికి ఇది రాదు. 'బేసిక్ లాస్ పేమెంట్' కింద 7.5 శాతం వస్తుంది, అదీ 75,000 పౌండ్లకు మించకుండా.

దీనికి పైన విమానాశ్రయం వారు ఇస్తామన్నది ఇంకొకటి ఉంది. 2018లో పార్లమెంటు 415–119 ఓట్లతో ఆమోదించిన విమానాశ్రయాల జాతీయ విధాన ప్రకటనలో ఆ మాట రాసి ఉంది. తప్పనిసరిగా తీసుకునే ఇళ్ళకే కాదు, చుట్టుపక్కల 'హీత్రూ గ్రామాలు' అని పిలిచే ప్రాంతంలో యజమానులు తామే అమ్ముకుంటామన్నా మార్కెట్ విలువ మీద 25 శాతం అదనం, దాంతో పాటు పన్నులు, ఇల్లు మారే ఖర్చులు. అక్కడ వాడిన మాట 'యజమాని నివసిస్తున్న ఇళ్ళు'. మీ ఇల్లు 5 లక్షల పౌండ్లు చేస్తుందనుకోండి. అందులో ఉంటే ఆ వాగ్దానం ప్రకారం 1,25,000 అదనం. అద్దెకిచ్చి ఉంటే చట్టం చెప్పిన 37,500. తేడా 87,500 పౌండ్లు. రెడింగ్‌లో అద్దె కలిసొస్తుందని వేసుకున్న లెక్కలో ఈ అంకె ఉందా?

అయితే ఒక హెచ్చరిక. 25 శాతం అన్నది చట్టం కాదు, మాట. అది నిర్మాణ అనుమతి ఉత్తర్వులో షరతుగా ఎక్కితేనే గట్టిపడుతుంది. పైగా ఆ 25లోనే చట్టం ఇచ్చే 10 శాతాన్ని కలిపేశారా, విడిగా ఇస్తారా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. నోటిమాటగా చెప్పింది నమ్మవద్దు.

ఉద్యోగానికి ఇల్లు మారకుండా దారి లేదా అంటే, ఉంది. పక్కనున్న వెస్ట్ డ్రేటన్ స్టేషన్ నుంచి ఎలిజబెత్ లైన్ రైలు నేరుగా రెడింగ్ వెళ్తుంది. ఇది లాయరు చెప్పాల్సిన మాట కాదు గానీ, నేనైతే కొన్నాళ్ళు రైలు పాసుకే డబ్బు పెడతాను. "ఇప్పుడు అద్దెకిచ్చి, అవసరమైనప్పుడు వెనక్కి వచ్చేస్తాం" అనుకోవడం ఇదివరకటంత తేలిక కాదు. 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టం కారణం చూపకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసును 2026 మే 1 నుంచి తీసేసింది. మీరే ఉండటానికి ఇల్లు కావాలన్నా అద్దె మొదలైన ఏడాది దాకా ఖాళీ చేయించలేరు, నోటీసు నాలుగు నెలలది ఇవ్వాలి. బ్యాంకు అనుమతి తెచ్చుకోవడం సరేసరి.

ఇక ఇల్లు పోతుందా అన్నది. దీనికి జవాబు పటం మీద గీత ఎక్కడ పడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది, ఆ గీత ఇప్పటికే చాలాసార్లు కదిలింది. 2009లో అప్పటి లేబర్ ప్రభుత్వం ఒప్పుకున్న పథకంలో మీ సిప్సన్ మొత్తం పోయేదే. అప్పట్లోనే పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ అక్కడ చిన్న స్థలం కొని, సేకరణకు అడ్డం పడాలని వేలమందిని అందులో భాగస్వాముల్ని చేసింది. 2010లో ప్రభుత్వం మారి ఆ పథకం మూలన పడింది. 2015లో హోవర్డ్ డేవిస్ నాయకత్వంలోని కమిషన్ రన్‌వేను వాయవ్యానికి జరిపి సిఫారసు చేసింది. దాని ప్రకారం గీసిన పటాల్లో 783 ఇళ్ళు పోతాయని లెక్క. లాంగ్‌ఫర్డ్ ఇంచుమించు పూర్తిగా, హార్మండ్స్‌వర్త్‌లో పెద్ద భాగం లోపల పడ్డాయి. సిప్సన్ గీత అంచున మిగిలింది. హార్మండ్స్‌వర్త్‌లో 15వ శతాబ్దపు పెద్ద కొయ్య కొట్టం ఒకటుంది, ఎప్పుడైనా చూశారో లేదో. గీత దాని పక్కనుంచి పోయింది. కొట్టం ఉంటుంది, దాని ఊరు ఉండదు.

2025 జనవరిలో ఆర్థిక మంత్రి రేచెల్ రీవ్స్ మద్దతు ప్రకటించాక ఆ వేసవిలో రెండు ప్రతిపాదనలు వచ్చాయి. హీత్రూ యాజమాన్యానిది 3,500 మీటర్ల దాకా రన్‌వే, ఎం25 రహదారిని పక్కకు జరిపి, దాని మీదుగా. మొత్తం విస్తరణ, ఆధునికీకరణ ఖర్చు 49 వందల కోట్ల పౌండ్లు అన్నారు. హోటళ్ళ వ్యాపారి సురీందర్ అరోరాది 2,800 మీటర్లది, ఎం25 దాటనిది. అక్టోబరులో ప్రభుత్వం విధాన ప్రకటనను సమీక్షించడం మొదలుపెట్టింది, నవంబరులో మొదటిదాన్నే ఆ సమీక్షకు ఆధారంగా తీసుకుంది. కాబట్టి మీరు 2018 పటం పట్టుకుని కూర్చోవద్దు. సమీక్షలో వచ్చే పటం మీద మీ పోస్ట్‌కోడ్ చూసుకుని, అభిప్రాయాలు అడిగినప్పుడు మీ ఇంటి పరిస్థితి రాసి పంపండి. ఇష్టమా కాదా అన్నది పక్కన పెట్టి, మీ ఇల్లు ఏ జోన్‌లో ఉంది, ఎందుకుంది అని అడగండి.

మీరు 2021లో కొనేనాటికి ఈ పథకం చట్టపరంగా బతికే ఉంది. అది మీకు ఎవరూ చెప్పలేదంటే, కొన్నప్పటి సొలిసిటర్ (పత్రాలు చూసిన లాయరు) ఇచ్చిన రిపోర్టు బయటకు తీసి చదవండి. చెప్పి ఉంటే అంతటితో సరి. చెప్పాల్సింది చెప్పలేదని తేలితే ఆ దావాకు గడువు మామూలుగా ఆరేళ్ళు, అంటే 2027 దగ్గరకొచ్చేసింది. నేను ఎగదోయడం లేదు, తేదీ చెబుతున్నానంతే. "తెలిసే కొన్నారుగా, పరిహారం ఎందుకు" అని ఎవరైనా అంటే మాత్రం ఆ వాదన చెల్లదు.

గీత లోపల పడితే చివరిదాకా ఆగక్కర్లేదు. ఒక స్థలం జాతీయ విధాన ప్రకటనలో అనువైన చోటుగా గుర్తింపు పొందితే, దానివల్ల ఇల్లు అమ్ముడుపోని యజమాని 'బ్లైట్ నోటీసు' ఇచ్చి, నా ఇల్లు ఇప్పుడే కొనండి అని అడగవచ్చు. 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం ఇచ్చిన హక్కు ఇది. నోటీసు ఇచ్చే నాటికి ఆరు నెలలుగా మీరు అందులో ఉండాలి. లేదా ఆరు నెలలు ఉండి వెళ్ళాక ఇల్లు ఖాళీగానే ఉండి, వెళ్ళి ఏడాది దాటకూడదు. చూశారా, ఇక్కడా అద్దె అడ్డొస్తుంది. ఇల్లు మార్కెట్లో పెట్టి నిజంగా ప్రయత్నించామని, బాగా తక్కువ ధరకు తప్ప ఎవరూ అడగలేదని చూపాలి. ఎస్టేట్ ఏజెంటు ప్రకటనలు, వచ్చిన ఆఫర్లు, ఈమెయిళ్ళు దాచుకోండి. అవతలివాళ్ళు రెండు నెలల్లో కౌంటర్ నోటీసు (కుదరదంటూ జవాబు) ఇవ్వొచ్చు, ఆ తర్వాత భూముల ట్రిబ్యునల్.

విలువ కట్టేటప్పుడు రన్‌వే అనేదే లేనట్టు ఊహించి కట్టాలి. రన్‌వే వార్తతో ధర పడినా, ఏదో హోటలు వస్తుందని పెరిగినా లెక్కలోకి రాదు. అందుకే అయినకాడికి అమ్మడం నాకు నచ్చడం లేదు. ఇప్పుడు తగ్గించి అమ్మితే ఆ తగ్గింపు మీ జేబులోంచే పోతుంది, తర్వాత ఎవరూ పూడ్చరు. అమ్మకం పత్రాల్లో చుట్టుపక్కల ప్రతిపాదనల గురించి అడుగుతారు. దాచి అమ్మితే కొన్నవాళ్ళు మీ మీదకే వస్తారు.

నిజానికి ఇల్లు పోయేవాళ్ళ కంటే మిగిలేవాళ్ళదే కష్టం. నా దగ్గరకు వచ్చేవాళ్ళు ఎక్కువగా "పోతుందా" అనే అడుగుతారు, మిగిలితే ఏమిటన్నది ఎవరూ అడగరు. మీరు అడిగారు.

విమానం రొద మీద న్యూసెన్స్ దావా వేద్దామంటే, 1982 పౌరవిమానయాన చట్టం 76వ సెక్షన్ ఆ తలుపు మూసేసింది. తగిన ఎత్తులో, నిబంధనల ప్రకారం ఎగిరే విమానం మీద అలాంటి దావా కుదరదు. ఇది తెల్లవాళ్ళ దేశపు వింతేం కాదు, 2024 దాకా అమల్లో ఉన్న మన 1934 విమానాల చట్టం 17వ సెక్షన్ కూడా ఇదే మాట అంది. హీత్రూ రాత్రి విమానాల మీద నివాసులు యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళారు. 2003లో పెద్ద ధర్మాసనం ఇంటి జీవితానికి భంగం అన్న వాదనను ఒప్పుకోలేదు. ఇక్కడి కోర్టుల్లో సరైన పరిష్కారం దొరకలేదన్న అంశం మీద మాత్రం గెలిచారు.

మిగిలిన దారి 1973 ల్యాండ్ కాంపెన్సేషన్ చట్టం మొదటి భాగం. కొత్త రన్‌వే వాడకం వల్ల వచ్చే శబ్దం, అదురు, వాసన, పొగ, వెలుతురు మీ ఇంటి ధరను ఎంత తగ్గించాయో అంత ఇవ్వాలి. రెండు చిక్కులు. ఉన్న రన్‌వేల మీద విమానాలు పెరిగితే ఇది వర్తించదు, కొత్త రన్‌వే వేస్తేనో ఉన్నదాన్ని పొడిగిస్తేనో వస్తుంది. రెండోది, రన్‌వే మొదలైన 12 నెలలకు గానీ దరఖాస్తు పెట్టలేరు. అక్కడి నుంచి ఆరేళ్ళ గడువు. యాజమాన్యం 2035 అంటోంది. అంటే ఇప్పుడు పలక పట్టిన పిల్లలు కాలేజీ వయసుకొచ్చే సమయం! ఆ నాటికి ఇల్లు మీ పేరునే ఉండాలి, రన్‌వే వాడకంలోకి రాకముందే కొన్నదై ఉండాలి. ఇక్కడ మాత్రం అద్దెకిచ్చినా యజమానికి హక్కు పోదు.

ఇప్పుడు పడమటి గాలి రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి రన్‌వేలు మార్చుకోవడం వల్ల మీ చుట్టుపక్కల ఊళ్ళకు సగం రోజు ఊరట దొరుకుతోంది కదా. మూడో రన్‌వే వస్తే ఆ వంతులు మారతాయి. ఇంటికి శబ్ద నిరోధక కిటికీలు వేయించే పథకం కూడా ఉంటుంది. అది శబ్దం ఎన్ని డెసిబెల్స్ అన్నదాన్ని బట్టి, కిటికీ మూసుకుని కూర్చున్నప్పుడు పనికొస్తుంది. పెరట్లో బట్టలారేసుకునేటప్పుడు కాదు.

మీ మామగారి స్టే సంగతి. ఆయన చెప్పిన రెట్టింపు గాలిలోంచి పుట్టింది కాదు. మన 2013 భూసేకరణ చట్టం 30వ సెక్షన్ విలువకు సమానంగా 100 శాతం సొలేషియం (విలువ మీద అదనపు పరిహారం) ఇమ్మంది. అది అక్కడి చట్టం. ఇక్కడ అలాంటిది లేదు, స్టే తెచ్చుకుంటే రేటు పెరగడమూ లేదు. విధాన ప్రకటన మీద గానీ, తర్వాత వచ్చే అనుమతి ఉత్తర్వు మీద గానీ హైకోర్టుకు వెళ్ళాలంటే గడువు ఆరు వారాలే. 2018 ప్రకటన మీద చుట్టుపక్కల కౌన్సిళ్ళు, లండన్ మేయరు, పర్యావరణ సంస్థలు వెళ్ళాయి. 2020 ఫిబ్రవరి 27న అప్పీలు కోర్టులో గెలిచింది ప్యారిస్ వాతావరణ ఒప్పందం వాదన. కౌన్సిళ్ళ తక్కిన వాదనలు నిలబడలేదు. డిసెంబరు 16న సుప్రీంకోర్టు ఆ గెలుపునూ కొట్టేసింది. అంత బలమున్నవాళ్ళే అంత ఖర్చుపెట్టి పది నెలలు కూడా నిలుపుకోలేనిదాన్ని ఒక్క ఇంటి యజమాని నెత్తినెత్తుకోవడం తెలివైన పని కాదు. ఏదైనా గుంపుతో కలవాలనుంటే కలవండి, ఓడితే ఖర్చుల్లో మీ వాటా ఎంతో ముందే కాగితం మీద రాయించుకుని.

ఈమధ్య ఇళ్ళ తలుపులు తట్టి "మీ పరిహారం మేం ఇప్పిస్తాం, వచ్చినదాంట్లో ఇంత శాతం" అని సంతకాలు పెట్టించుకునేవాళ్ళు తిరుగుతుంటారు. ఇల్లు తప్పనిసరిగా తీసుకుంటే సర్వేయరు, సొలిసిటర్లకు అయ్యే సబబైన ఫీజు తీసుకునేవాళ్ళే భరించాలి. శాతం కాగితం మీద సంతకం పెట్టవద్దు.

ఈ వారంలో ఒక ఫైలు తెరవండి. కొన్నప్పటి పత్రాలు, మీ ఇద్దరి పేర్లతో ఉన్న కౌన్సిల్ టాక్స్ బిల్లులు, కరెంటు బిల్లులు, పిల్లలుంటే స్కూలు ఉత్తరాలు 2021 నుంచి వరసగా పెట్టండి. రేపు మీరు ఆ ఇంట్లోనే ఉన్నారని నిరూపించమని అడిగినప్పుడు చూపేవి అవే.