జపాన్‌లో మబ్బుల మీద కనిపించే టకెడా కోట ఎందుకు పాడుబడింది? యుద్ధంలో కూలిపోయిందా? పైకెళ్తే చూడ్డానికి ఏమైనా ఉందా?

యుద్ధంలో కూలిన కోట కాదండి అది. 1600లో దాని దొర చనిపోయాక మళ్లీ ఎవరికీ అప్పగించలేదు, అలాగే వదిలేశారు. చెక్కతో కట్టినవన్నీ కాలక్రమంలో పోయాయి, రాతి గోడలు నిలబడ్డాయి. ఆ చనిపోయిన దొర కథ తెలుసుకుని వెళ్తే ఆ కొండ వేరేలా కనిపిస్తుంది, నాకైతే మబ్బుల కంటే అదే ఎక్కువ గుర్తుండిపోయింది. నేను ఒసాకా వైపు ఉంటాను, నవంబర్‌లో వెళ్లాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ఇది హ్యోగో రాష్ట్రంలో అసాగో అనే ఊరి పరిధిలో ఉంది. కొండ ఎత్తు 353 మీటర్లు, మరీ ఎత్తేం కాదు కానీ చుట్టూ లోయ, కింద మరుయమా నది. మొదట కట్టించింది యమనా వంశం దొర యమనా సోజెన్ అంటారు, 1431లో మొదలుపెట్టి 1443కి పూర్తి చేశారని చెప్తారు. ఎందుకు కట్టాడంటే దక్షిణాన హరిమ అనే ప్రాంతం అకమత్సు వంశం చేతిలో ఉండేది, ఈ రెండు వంశాలకీ అస్సలు పడేది కాదు. 1441లో అకమత్సు మిత్సుసుకె ఏకంగా షోగన్‌నే, అంటే దేశాన్నేలే సేనాధిపతినే, విందుకి పిలిచి చంపించాడు, అప్పుడు వాళ్ల మీదకి సైన్యంతో వెళ్లింది ఈ యమనా వాళ్లే, హరిమని కూడా లాగేసుకున్నారు. ఇక్కడ కాపలా ఉన్నది యమనా కింద పనిచేసే ఒటగాకి కుటుంబం, తరతరాలుగా వాళ్లే.

తర్వాత 1577లో, తర్వాత జపాన్ మొత్తాన్నీ ఏలిన హిదెయోషి తమ్ముడు హిదెనాగా సైన్యంతో వచ్చి కోట పట్టుకున్నాడు. దగ్గర్లోనే ఇకునో వెండి గనులున్నాయి, వాటి కోసం ఆ రోజుల్లో అందరికీ ఈ ప్రాంతం మీద కన్నే. ఒటగాకి వాళ్లు మళ్లీ కోట చేజిక్కించుకున్నారు గానీ 1580లో పూర్తిగా పోయింది. 1585లో హిదెయోషి దీన్ని ఎవరికిచ్చాడో చూడండి, అకమత్సు హిరోహిదెకి! అంటే ఏ వంశాన్ని ఆపడానికి ఈ కోట కట్టారో ఆఖరికి ఆ వంశం మనిషే దీనికి దొర అయ్యాడు. ఇప్పుడు మనం ఫోటోల్లో చూసే రాతి గోడలు ఈయన హయాంలోవే, అంతకుముందు ఉన్నది ఎక్కువగా మట్టి తవ్వి, కందకాలు తీసి చేసిన కోట.

ఈ హిరోహిదె గురించి చదివినకొద్దీ ఆయన మీద ఇష్టం పెరిగింది. యుద్ధాల మధ్య బతుకుతూ చదువంటే ప్రాణం పెట్టిన మనిషి. ఫుజివారా సెయికా అనే పెద్ద పండితుడితో స్నేహం. హిదెయోషి కొరియా మీద చేసిన యుద్ధంలో కాంగ్ హాంగ్ అనే కొరియా పండితుడు 1597లో బందీగా జపాన్ వచ్చాడు, ఆయన చేత కన్ఫ్యూషియస్ గ్రంథాలు రాయించడానికి డబ్బు పెట్టింది హిరోహిదెనే. శత్రుదేశం బందీ దగ్గర కూర్చుని పాఠం నేర్చుకోవడం ఆ కాలంలో చిన్న విషయం కాదు.

1600లో జపాన్ ఎవరి చేతికి వెళ్లాలో తేల్చిన సెకిగహారా యుద్ధం వచ్చింది, తూర్పు పక్షానికి తొకుగావా ఇయెయాసు నాయకుడు. హిరోహిదె పశ్చిమ పక్షం, ఆయన్ని ముందు తనబె కోట ముట్టడికి పంపారు. సెకిగహారాలో ఇయెయాసు గెలిచాడని తెలిశాక పక్షం మారి, కమెయి కొరెనోరి అనే దొరతో కలిసి టొట్టొరి కోట మీదకి వెళ్లాడు. అక్కడ కోట కింద ఊరికి నిప్పు పెట్టారు, ఊరు తగలబడిపోయింది. ఇయెయాసుకి కోపం వచ్చింది, నేరం మొత్తం హిరోహిదె మీద పడింది, సెప్పుకు చేసుకోమని, అంటే తన కడుపు తనే కోసుకోమని ఆజ్ఞ. నిప్పు పెడదామన్నది అసలు కమెయి అని, తప్పు ఈయన మీదకి తోసేశాడని ఒక మాట ఉంది, ఆ కమెయికి మాత్రం ఏ శిక్షా పడలేదు. హిరోహిదె టొట్టొరిలోనే ఒక గుడిలో చనిపోయాడు, 40 ఏళ్లు కూడా నిండలేదు. నాకిది ఎప్పుడు చదివినా అన్యాయమే అనిపిస్తుంది. టకెడా కోట ఆ ఏడాదితోనే ఆఖరు.

ఇక పైన ఏముంది అంటే, భవనాలేం లేవు, కానీ ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 400 మీటర్లు, అడ్డంగా 100 మీటర్లు గోడలే గోడలు. అనో అనే ఊరి రాతిపనివాళ్ల పద్ధతిలో కట్టారంటారు. దగ్గరికెళ్లి చూడండి, రాళ్లని చెక్కలేదు, దొరికినవి దొరికినట్టు పొలం గట్టు మీద పేర్చినట్టే ఉంటాయి, సున్నం, గచ్చు ఏమీ లేవు. పెద్ద రాళ్ల మధ్య సందుల్లో పిడికెడంత రాళ్లు దూర్చారు, వాన నీళ్లు ఆ సందుల్లోంచే బయటికి పోతాయి కాబట్టి గోడ ఉబ్బదు. మూలల దగ్గర మాత్రం పొడుగు రాళ్లు, ఒక వరస ఇటు పొడుగు, పై వరస అటు పొడుగు, అలా మార్చి మార్చి పెట్టారు, దాంతో మూల గట్టిగా నిలుస్తుంది. ద్వారాల దగ్గర దారి తిన్నగా పోదు, చటుక్కున తొంభై డిగ్రీలు తిరుగుతుంది, లోపలికొచ్చే శత్రువు మీద రెండు మూడు వైపుల నుంచి ఒకేసారి దాడి చెయ్యడానికి. అక్కడ నిలబడి పైకి చూస్తే ఆ ప్లాన్ మొత్తం మనకే అర్థమైపోతుంది, గైడ్ అక్కర్లేదు.

మబ్బుల సంగతి. సెప్టెంబర్ చివర్నుంచి డిసెంబర్ మొదటి దాకా, తెల్లవారుజామున, ముందు రోజు ఎండ కాసి రాత్రి బాగా చలి పడితే నది మీద పొగమంచు లేచి లోయ నిండుతుంది. చాలామందికి తెలియనిది ఏంటంటే కోట మబ్బుల మీద తేలే ఫోటో కోటలోంచి రాదు, నదికి అవతలి కొండ మీద రిట్సుఉన్‌క్యో అనే చోటు నుంచి తీస్తారు. కోటలో ఉంటే మీ కాళ్ల కింద మబ్బులు కనిపిస్తాయి, కోట కనిపించదు. రెండూ ఒకే పొద్దున అవ్వవు, ఏది కావాలో ముందే అనుకోండి, నన్నడిగితే కోటకే వెళ్లమంటా.

హిమేజీ నుంచి బాంతాన్ లైన్ ట్రైన్, తెరమాయెలో మారాలి, టకెడా స్టేషన్లో దిగితే స్టేషన్ వెనక నుంచే కొండ దారి, నలభై నిమిషాలు నిటారుగా ఉంటుంది. బస్సు కూడా ఉంది, అది దింపాక ఇరవై నిమిషాల నడక. మబ్బుల కోసమైతే ముందు రోజు రాత్రికే అక్కడికి చేరిపోండి. టికెట్ నేను వెళ్లినప్పుడు 500 యెన్. జనవరి, ఫిబ్రవరిల్లో మూసేస్తారు. 2013 ప్రాంతంలో ఏడాదికి 5 లక్షల మంది వచ్చి తొక్కేసరికి మట్టి కొట్టుకుపోయి పాత పెంకు ముక్కలు బయటపడ్డాయి, అందుకే ఇప్పుడు నేల మీద మ్యాట్లు పరిచి ఒకవైపు దారే పెట్టారు. దయచేసి ఆ మ్యాట్ల మీదే నడవండి, గోడలెక్కకండి. దిగేటప్పుడు స్టేషన్ వెనక వరసగా ఉన్న గుళ్లలో హోజుజిలో ఆగండి, హిరోహిదె స్మారకం అక్కడుంది. పిల్లలతో వెళ్లొచ్చు, గోడ అంచుల దగ్గర మాత్రం చెయ్యి వదలకండి.