పదకొండో నంబరు గురించి మేనకోడలికి

అమ్మలూ,

నీకు హామ్ రేడియో లైసెన్సూ, గాలిలో నీ పేరుగా పలకాల్సిన కాల్‌సైనూ వచ్చాయని మీ అమ్మ వీధంతా చెప్పుకుంటోంది. ఆ అక్షరాలు వరసగా పలకడం మాత్రం ఆవిడకు ఇంకా పట్టుబడలేదు. దాని వెనకాలే నువ్వు పంపిన జాబితా కూడా అందింది. "తుపాన్ల కాలం దగ్గర పడింది మామయ్యా, మా హామ్ క్లబ్బు డబ్బుతో ఏమేం కొనమంటారు?" అని అడిగావు. పన్నెండు వస్తువులు రాశావు. అందులో తొమ్మిది కొట్టేశాను. ఫోనులో చెబితే నువ్వు ఊ కొడతావే తప్ప రాసుకోవు కాబట్టి ఈ ఉత్తరం.

పోర్టులో ఎగరేసే తుపాను హెచ్చరికల నంబర్ల గురించి పేపర్లో చదువుతూనే ఉంటావు. ఒకటి, రెండు దూరపు హెచ్చరికలు. మూడు, నాలుగు రేవును జాగ్రత్త పడమంటాయి. ఐదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. పది తరవాత ఇంకేమీ లేదని చాలామంది అనుకుంటారు. పదకొండు ఉంది. ఇంకా పెద్ద గాలి వస్తుందని కాదు దాని అర్థం. వాతావరణ హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. మాట అందకపోవడాన్ని పదో నంబరుకు పైన కూర్చోబెట్టినవాళ్లు సముద్రాన్ని బాగా ఎరిగినవాళ్లే అయి ఉండాలి. మొదటి పది నంబర్లకూ ఫోన్లున్నాయి, టీవీలున్నాయి. మీ క్లబ్బు పదకొండో నంబరు రోజుకు పనికొస్తుందా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే నీ జాబితా చదివాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను సరిగ్గా మన విశాఖ దగ్గరే తీరం దాటింది. నువ్వప్పటికి చిన్నపిల్లవు, మంచం కింద దూరి పడుకున్నావట. ఆ రోజు నా దగ్గరున్న సామాను నీ జాబితాకు రెండింతలు. డాబా మీద 40 అడుగుల స్తంభం, దాని పైన అల్యూమినియం యాంటెన్నా. నాలుగు వైపులా తీగలతో బిగించి, ఇది కదిలే ప్రసక్తే లేదని పక్కింటాయనకు ధీమాగా చెప్పాను. పొద్దున్నే అది వెళ్లి ఆయన నీళ్ల ట్యాంకు మీద పడుకుంది. సెల్‌ఫోన్లు ఒక్కొక్కటే మూగబోయాయి. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగింది. తుపాను కన్ను మన మీదికి వచ్చిందని తెలియక కాదు. ఓడల మీద పన్నెండేళ్లు రేడియో ఆఫీసరుగా తిరిగినవాణ్ణి. అయినా స్తంభం సంగతి చూద్దామని డాబా ఎక్కాను. మీ అత్తయ్య కింద నుంచి అరిచిన అరుపుకు దిగి వచ్చాను. కాసేపటికే గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. ఎవరింటిదో రేకు ఒకటి, నేను నిలబడిన చోటికి రెండు మూరల దూరంలో పిట్టగోడను చెక్కుకుంటూ పోయింది. ఈ సంగతి మీ అమ్మకు ఇప్పటికీ తెలియదు, తెలియనివ్వకు. కన్ను దాటే వేళ మీ క్లబ్బులో ఎంత మొనగాడైనా తలుపు తీయకూడదు. ఇది కాగితం మీద రాసి గోడకు అంటించండి.

మర్నాడు నా గొంతు హైదరాబాదుకు చేరింది ఆ అల్యూమినియం వల్ల కాదు. పాత ఇంటి వైరింగులోంచి లాగిన రాగితీగ, దాన్ని కట్టడానికి బట్టలారేసే నైలాన్ తాడు, రెండూ కలిపి ఆ రోజు నా స్టేషను. 7 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ యాంటెన్నా అంటే మొత్తం సుమారు 20 మీటర్ల తీగ. మధ్యలో కోసి, చెరో 10 మీటర్లు అటూ ఇటూ లాగి, కోసిన చోట రేడియో నుంచి వచ్చే కోయాక్స్ కేబుల్ కలపడమే. ఎత్తు ఎక్కువ అక్కరలేదు. ఐదారు మీటర్ల ఎత్తున ఉన్న తీగ సంకేతాన్ని దాదాపు నిటారుగా పైకి పంపుతుంది. అది తిరిగి కొన్ని వందల కిలోమీటర్ల లోపే దిగుతుంది. తుపాను రోజున మనకు కావలసింది విజయవాడ, హైదరాబాద్, భువనేశ్వర్. బ్రెజిల్‌తో పనిలేదు. అందుకే నీ జాబితాలో మొదటిదైన స్తంభాన్ని కొట్టేశాను. తీగను ముందే కొలిచి, కోసి, తాడుతో సహా చుట్టి సంచిలో పెట్టుకోండి. గాలి వచ్చేముందు దాచి, పోయాక కట్టుకునే యాంటెన్నా కావాలి మీకు. కట్టేటప్పుడు మాత్రం కరెంటు తీగల మీదుగా ఎప్పుడూ విసరవద్దు. ఊరంతా చీకటిగా ఉంది కదా అని తెగిపడిన తీగను ముట్టుకోవద్దు. ఎవరింటి జనరేటరు ఎటు నుంచి కరెంటు తోస్తోందో ఎవరికి తెలుసు?

ఇంకొక మాట. చీకటి పడ్డాక 7 మెగాహెర్ట్జ్‌లో దగ్గరి స్టేషన్లు జారిపోతాయి, ఎక్కడెక్కడి విదేశాలవాళ్లో వినిపిస్తారు. ముఖ్యమైన సందేశాలు పొద్దు ఉండగానే పంపేయాలి.

ఇక ఊళ్లో మాట్లాడుకునే చేతి రేడియోల సంగతి. ఇక్కడే మన విశాఖ మిగతా ఊళ్లలాంటిది కాదు. కొండలకు అందం ఎంత ఉందో అడ్డం కూడా అంతే ఉంది. 5 వాట్ల రేడియో 145 మెగాహెర్ట్జ్‌లో చూపు ఆనినంత మేరకే వెళుతుందనుకో. యారాడ ఊళ్లో నిలబడి బీచ్ రోడ్డులో ఉన్నవాణ్ణి పిలిస్తే మధ్యలో కొండ మింగేస్తుంది. మధురవాడకూ పెందుర్తికీ నడుమ సింహాచలం కొండలు. ఎంవీపీ కాలనీకీ రుషికొండకూ నడుమ కైలాసగిరి. కొండ మీద, విన్న మాటను మళ్లీ బలంగా పంపే రిపీటరు ఉంటే ఇవన్నీ తేలికే, కానీ తుపాను రోజున దానికి కరెంటు ఉంటుందని ఎవరూ పూచీ పడలేరు. లేదనుకునే లెక్క వేసుకోండి.

దీనికి డబ్బుతో పనిలేదు, కాళ్లతో పని. ఆదివారం ఆదివారం ఇద్దరిద్దరు చొప్పున బయలుదేరండి. ఒక జత పెదజాలరిపేటలో, ఒక జత గాజువాకలో, ఒక జత కంచరపాలెంలో. ఎవరికి ఎవరు వినిపించారు, డాబా ఎక్కితే ఎంత మారింది, మధ్యలో ఎవరు నిలబడి అందిస్తే మాట దాటింది, అన్నీ ఊరి మ్యాపు మీద పెన్సిలుతో రాయండి. నాలుగు నెలలు తిరిగితే అలాంటి మ్యాపు ఏ దుకాణంలోనూ దొరకదు. జాలరిపేటల్లో పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడండి కూడా. ఏ గాలికి నీళ్లు ఎంతవరకు వస్తాయో వాళ్లు చెప్పినంత వివరంగా నాకెవరూ చెప్పలేదు.

లైసెన్సు లేని వాలంటీర్లకు పంచడానికి ఆన్‌లైన్‌లో చవకగా దొరికే వాకీటాకీలు పది అన్నావు. వాటిలో చాలావాటిని లైసెన్సు లేకుండా వాడడం చట్టవిరుద్ధం, వద్దు. వాళ్ల చేత పరీక్ష రాయించు, పన్నెండేళ్లు నిండితే చాలు. డ్రోను ఎందుకు రాశావో నాకు అర్థం కాలేదు.

వారానికి ఒక రాత్రి నెట్, అంటే సభ్యులంతా ఒకే వేళకు రేడియోలో కలిసే సమావేశం, నడపమని నేను ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాను. "మాట్లాడుకోవడానికి ఏముంటుంది మామయ్యా, వాతావరణం బాగుంది, భోంచేశారా, అంతే కదా" అన్నావు పోయినసారి. అందుకే ఇది చెబుతున్నాను. హుద్‌హుద్ తరవాత మూడో రోజున ఒక శిబిరం నుంచి సందేశం వచ్చింది. బ్లీచింగ్ పౌడరు మూడు బస్తాలు కావాలని. రేడియోలో గరగర. నేను నూరు అని రాసుకున్నాను, నూరు అనే పైకి పంపాను. అవతలి పెద్దమనిషి "ఆ ఊళ్లో నూరు బస్తాలు ఎక్కడ చల్లుతారండీ?" అని అడగబట్టి బయటపడ్డాను. మూడు, నూరు. రెండు మాటలూ పక్కపక్కన పలికి చూడు. తెలుగులో అంకెలు ఇలా మోసం చేస్తాయని ముప్పై ఏళ్లు రేడియో పట్టుకున్న నాకు ఆ రోజుదాకా తట్టలేదు. అప్పటి నుంచి నూరును "ఒకటి, సున్నా, సున్నా" అంటాను, మూడును "సున్నా, సున్నా, మూడు" అంటాను. విన్నవాడు తిరిగి చదివి వినిపించేదాకా సందేశం చేరినట్టు లెక్క కాదు. ఊరి పేరు చెబితే మండలం పేరు కూడా చెప్పాలి. కొత్తపాలేలు, అగ్రహారాలు ఒక్కటేనా మనకు?

నెట్‌లో చేయవలసింది ఇదే. ఒకరు నడపాలి, మిగతావాళ్లు పిలిచినప్పుడే పలకాలి. ఐదు సందేశాలు రాసి, ఒక్కొక్కటీ ముగ్గురి చేతులు మారేలా పంపి, చివర్లో మొదటి కాగితాన్నీ ఆఖరి కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. మొదటి నెల నవ్వుకుంటారు. రెండో నెల సిగ్గుపడతారు. ఎవరెవరు నోరు మూసుకుని ఉండగలరో కూడా తెలుస్తుంది. అదేమీ చిన్న విద్య కాదు.

సరదా పనులను కూడా తగ్గించవద్దు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు వీయూ2ఆర్‌బీఐ అనే కాల్‌సైన్ గల భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. వాళ్లు అక్కడికి వెళ్లింది సహాయానికి కాదు, అండమాన్ నుంచి దేశదేశాల హామ్‌లతో మాట్లాడే వేడుక కోసం. ఆ వేడుకకు పెట్టుకున్న స్టేషనే అప్పటికప్పుడు ద్వీపాల నుంచి క్షేమ సమాచారాలు మోసింది. దూరదేశాల కాంటాక్టుల కోసం నువ్వు రాత్రి రెండింటిదాకా మేలుకుంటున్నావని మీ అమ్మ నా మీద విసుక్కుంటోంది. కానీయ్, నేను సర్దిచెబుతాను.

బ్యాటరీ దగ్గర నీ జాబితాలో చిన్నదాన్ని ఉంచి పెద్ద జనరేటరును కొట్టేశాను. తుపాను మర్నాడు పెట్రోలు కోసం వరసలో నిలబడేవాడు రేడియో దగ్గర ఎప్పుడు కూర్చుంటాడు? లెక్క చూడు. 100 వాట్ల సెట్టు వింటున్నంతసేపూ సుమారు 1 ఆంపియర్ తీసుకుంటుంది, మాట్లాడేటప్పుడు 20 దాకా. 100 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి చేతిలో ఉన్నది 50. రోజంతా వింటేనే 24 ఖర్చు. మిగిలినది పూర్తి బలంతో గంటా పావు మాటలకు సరిపోతుంది. అదే 25 వాట్లకు తగ్గించావనుకో, సంకేతం బలం చూపే అవతలివాడి మీటరులో ఒక్క మెట్టు, అంటే ఒక్క ఎస్-పాయింటు తగ్గుతుంది. వాడు గమనించడు కూడా. రేడియోను బ్యాటరీకి నేరుగా, మధ్యలో ఫ్యూజుతో కలపండి. ఇన్వర్టరు గుండా తిప్పితే కరెంటు వృథా, పైగా చెవుల్లో రొద. పగలు నింపడానికి చిన్న సోలార్ పలక ఒకటి చాలు, అది జాబితాలో ఉంచాను. మూడోది కనెక్టర్లకు చుట్టే రబ్బరు టేపు. నువ్వు ఆఖరున మొక్కుబడిగా రాశావు కానీ సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి పచ్చబడిపోయిన కనెక్టరును మించిన శత్రువు లేదు. రెండు చుట్లు ఎక్కువే కొను.

అల్పపీడనం అన్నమాట వినగానే బ్యాటరీలన్నీ నింపండి. వాయుగుండంగా మారిందంటే ఎవరు ఏ పేటలో ఉంటారో, ఎవరి ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్నారో రాసుకోండి. ఇంట్లో అవసరం ఉన్నవాణ్ణి క్లబ్బు పనికి పిలవవద్దు, వాడు మనసు ఇంట్లో పెట్టి ఇక్కడ అంకెలు తప్పుతాడు. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఇంకా ఒక రోజుందని, యాంటెన్నాలు దించేయండి, కేబుళ్లు సెట్ల నుంచి పీకేయండి. గాలి వీస్తున్నంతసేపూ ఎవరూ ఎక్కడికీ వెళ్లవద్దు.

ఆ తరవాత కూడా పిలవని పేరంటానికి వెళ్లినట్టు రేడియోలు పట్టుకుని కంట్రోల్ రూముకు వెళ్లవద్దు. ఆ హడావుడిలో నువ్వెవరో వాళ్లకేం తెలుసు? జూన్‌లోనే వెళ్లి, సభ్యుల పేర్లు, కాల్‌సైన్లు, మీ పెన్సిలు మ్యాపు ఇచ్చి పరిచయం చేసుకోవలసింది. ఈ ఏడు ఆలస్యమైంది, ఈ వారంలోనే వెళ్లు. అధికారులు మారుతుంటారు కాబట్టి ప్రతి ఏడూ కొత్తగానే వెళ్లాలి. మామూలు రోజుల్లో ఇతరుల సందేశాలు మోయడానికి మనకు అనుమతి లేదు. విపత్తులో మామూలు సంబంధాలు తెగినప్పుడే ఆ వెసులుబాటు. లాగ్‌బుక్కులో ప్రతిదీ వేళతో సహా రాయాలి.

ఆదివారం పొద్దున ఏడింటికి రెండు మీటర్ల బ్యాండులో, అంటే ఆ 145 మెగాహెర్ట్జ్ దగ్గరే, పిలుస్తాను. నువ్వు మీ డాబా మీద ఉండు, వినిపించకపోతే పక్క డాబా ఎక్కు. తరవాత ఇంటికి రా, తీగ కొలిచి కోద్దాం. వచ్చేటప్పుడు నా నైలాన్ తాడు పట్టుకురా. సంక్రాంతికి మీ అమ్మ బట్టలారేసుకోవడానికి తీసుకువెళ్లింది, ఇంతవరకూ తిరిగి రాలేదు.

డెబ్బై మూడు (మన హామ్‌ల భాషలో శుభాకాంక్షలు),
మామయ్య